చిన్నమ్మ చెప్పిన చోటు

నిన్న పొద్దున మబ్బు పట్టింది కానీ చినుకు రాలలేదు.

కాలేజీలో ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే హెర్బేరియం గదిలో ఎండిన పుట్టగొడుగుల పొట్లాలు విప్పి, పురుగు పట్టకుండా కలరా ఉండలు మారుస్తున్నాను.

ఫోన్ వచ్చింది. చిన్నమ్మ కూతురు సరోజ. తల్లికి జబ్బు చేసినప్పటి నుంచి ఊళ్ళో ఆమె దగ్గరే ఉంటోంది.

"అన్నా, అమ్మ పోయింది."

ఎదురుచూస్తున్న వార్తే. అయినా చేతిలోని పొట్లం బల్ల మీద పెట్టాకే అడిగాను.

"కష్టపడిందా?"

"లేదన్నా. టీ తాగింది, పండుకునింది. అంతే."

అప్పుడు నాకు ఊపిరి ఆడింది. మూడు నెలలుగా ఆయాసంతో కూర్చునే నిద్రపోయిన మనిషి. పడుకుని పోయింది. నిజం చెప్పాలంటే, ఏడుపు కంటే ముందు ఆ నెమ్మదే వచ్చింది.

చిన్నమ్మ గురించి ఒక సంగతి చెప్పాలి.

తొంభై తొమ్మిదిలో, ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ కోసం ఒకే రకం పుట్టగొడుగు వెతికాను. వాన పడ్డాక చెదపుట్టల మీద లేస్తుంది. నిలువుగా ఉంటుంది, గొడుగు విప్పదు. లేతదైతే కూర వండుకుంటారు. ముదిరితే లోపల నల్లటి పొడి.

జిల్లాలో అది ఎక్కడెక్కడ మొలుస్తుందో మ్యాప్ గీయాలి. దొరికినవి ఎండబెట్టి, పొట్లం కట్టి, చోటు, నేల, ఏరిన మనిషి పేరు లేబుల్ మీద రాయాలి.

కదిరి దగ్గర మా ఊళ్ళో మేకలు మేపే చిన్నమ్మ, కొంగులో మూడు తెచ్చింది.

"యాడ పెరికినావు చిన్నమ్మా?"

"సరోజ ఇంటికి పోయింటి గదా. బుక్కరాయసముద్రం చెరువు కట్ట కింద."

అలాగే రాశాను.

మిగతావన్నీ పొడి ఎర్రనేలలో దొరికినవి. ఇదొక్కటే చెరువు తడిలో.

మా సార్ సంబరపడ్డారు. తడినేలలోనూ ఇది మొలుస్తుందని వ్యాసం రాద్దామన్నారు. నా పేరే ముందు పెడతానన్నారు.

నాకు భయం పట్టుకుంది. మూడు వానాకాలాలు ఆ కట్ట కింద తిరిగాను. ఒక్కటీ కనపడలేదు. అప్పటికి హెర్బేరియంలో టెంపరరీ ఉద్యోగం. నా లేబుల్ తప్పని తేలితే ఇంకెవరూ నన్ను నమ్మరు.

వ్యాసం అచ్చుకు పంపే ముందు ఊరికి పోయి చిన్నమ్మను మళ్ళీ అడిగాను. వేరుశనక్కాయలు ఒలుస్తూ నవ్వింది.

"ఏమప్పా, ఇంత సదివినావు. పుట్టగొడుగులు లేసే చోటు ఎవురన్నా చెప్తారా?"

మా ఊళ్ళో అంతే. చూసినవాళ్ళదే ఆ పుట్ట. తోడబుట్టినవాళ్ళకు కూడా చెప్పరు.

"మీ అమ్మకే చెప్పలా. నీకు చెప్తే సారును తోలకొస్తావు. ఆయప్ప ఇంగొకర్ని తోలకొస్తాడు. నాకేం మిగుల్తాది, మట్టా?"

"నా ఉద్యోగం పోతాది చిన్నమ్మా."

"ఆ మాట ముందే చెప్పల్ల. పొట్లం కట్టి అటక మీద పెట్టుకుంటావనుకుంటి."

మరుసటి రోజు మేకలతో పాటు నన్నూ తోలుకుపోయింది. గుట్ట పక్కన, ఎర్రటి గరుసు నేలలో పుట్ట. దాని మీద నాలుగు.

"ఊరి పేరు రాసుకో. పుట్ట సంగతి రాయొద్దు."

హెర్బేరియంలో పాత లేబుల్ చించరు. పక్కన కొత్తది అంటిస్తారు. అలాగే అంటించాను. మ్యాప్‌లో చెరువు దగ్గరి చుక్క తీసేశాను. వ్యాసం ఆగిపోయింది. సార్ తిట్టారు. అచ్చు కాకముందే తెలిసినందుకు సంతోషమని కూడా అన్నారు. ఆ రోజు కడుపు నిండా తిన్నాను.

పోయిన వారం చూడటానికి వెళ్తే, ఆయాసం మధ్య చిన్నమ్మ అడిగింది.

"సరోజకు ఆ పుట్ట చూపిచ్చినావా?"

"నువ్వే వద్దంటివి."

"చూపీ. ఇంగ నేను పోలేను గదా."

నిన్న సాయంత్రమే ఊళ్ళో మట్టి చేశాం. మనిషి పోయినా మేకలు మేయాలి. ఈరోజు పొద్దున సరోజ వాటిని తోలుకుని బయలుదేరితే వెంట వెళ్ళి చూపించాను. పుట్టను చూసి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"ఇంత దగ్గర్నా? నాకు గుట్ట అవతల అని చెప్పేది."

ఇద్దరం నవ్వుకున్నాం. ఈ చోటు గుట్టు ఇంక నేనొక్కడినే మోయనక్కర్లేదు.

చిన్నమ్మా, ఆయాసం లేకుండా హాయిగా పడుకో.

మా చిన్నమ్మ నాగలక్ష్మమ్మ నిన్న పొద్దున ఏడు గంటలకు వెళ్ళిపోయింది.