లైన్లో ఉన్న పెద్దమ్మ

పెద్దమ్మ ఇంట్లో ఏ వస్తువూ వేలాడకూడదు. దండెం మీద తువ్వాలు అంచు వంకరగా ఉన్నా ఆవిడకు ముద్ద దిగదు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. కాల్స్ చేత్తో కలిపే రోజుల్లో పెద్ద బోర్డు ముందు కూర్చుని, ఈ రంధ్రంలోంచి తీసిన తీగను ఆ రంధ్రంలో పెట్టి ఊళ్ళకు ఊళ్ళను మాట్లాడించింది. మాటలు అయిపోగానే తీగ దాని చోటికి వెళ్ళిపోవాలి. వేలాడిందంటే సూపర్‌వైజరమ్మ ఒంటికాలి మీద లేచేది. ఉద్యోగం అయిపోయినా ఆ అలవాటు మాత్రం పెన్షన్‌తోపాటు వస్తూనే ఉంది.

ఆ ఇంటికి చెల్లెలి కూతురు వచ్చి చేరింది. తల్లి మంచం పట్టినప్పుడు పుస్తకాలు కట్టిపెట్టిన పిల్ల. తల్లి పోయాక వాటిని మళ్ళీ విప్పించేవాళ్ళు లేకపోయారు. పెద్దమ్మే వెళ్ళి, బట్టలు సంచిలో సర్దించి తెచ్చుకుంది. పిల్ల నోరు విప్పేది కాదు. ఓ మూల కూర్చుని అన్నీ చూస్తుండేది. పెద్దమ్మ కొడుకు, ఇంట్లోనే పోస్టర్లు డిజైన్ చేసే అన్నయ్య, ఆమెకు 'మౌనస్వామి' అని పేరు పెట్టాడు.

"మాట్లాడకపోతే ఏంరా, వింటుందిగా. వినడమూ పనే," అనేది పెద్దమ్మ. రేడియో వార్తలు పెట్టి, విన్నది విన్నట్టు రాయించేది. తర్వాత అన్నయ్య వాడటం మానేసిన కంప్యూటర్ మీద టైపు చేయించింది.

ఇవాళ పరీక్ష ఆ పనికే. డాక్టర్లు చెప్పి రికార్డు చేసిన మాటలను ఇంట్లో కూర్చుని విని టైపు చేసే ఉద్యోగం. మధ్యాహ్నంలోపు కంపెనీవాళ్ళు కంప్యూటర్‌కే కాల్ చేస్తారు. అందకపోతే ఆ అవకాశం వరసలో తర్వాతివాళ్ళకు పోతుంది. సర్టిఫికెట్ అడక్కుండా చెవులను నమ్మే ఉద్యోగం ఆ పిల్లకు మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?

తీరా ఆమె కూర్చునేసరికి తెర మూల పసుపు గుర్తు. నెట్ లేదు.

అన్నయ్య రౌటర్ ఆపి మళ్ళీ వేశాడు. వచ్చినట్టే వచ్చి పోయింది. ఆమె కంప్యూటర్ వైరు మార్చి చూశాడు. చివరికి నెట్ కంపెనీకి ఫోన్ చేసి చెడామడా తిట్టాడు.

"మా లైన్ బాగానే ఉందండీ, మీ ఇంట్లో చూసుకోండి," అన్నారు వాళ్ళు.

"అరిస్తే లైన్ కలుస్తుందిరా? మీ నాన్నా ఇంతే, స్టవ్ వెలక్కపోతే దాన్ని తిట్టేవారు," అంది పెద్దమ్మ. తర్వాత పిల్ల వైపు తిరిగింది. "ముందు ఎంతవరకు వెళ్తోందో చూడవే. పక్క బల్లదాకా వినపడుతోందా, వీధి చివరిదాకానా అని మేం అలాగే చూసేవాళ్ళం. దగ్గర్నుంచి మొదలుపెట్టాలి."

పిల్ల తల ఊపి, ఒక కాగితం ప్రింటుకు పంపింది. పక్క గదిలో ప్రింటర్ ఉలకలేదు, పలకలేదు.

"పక్క గదికే వెళ్ళనిది బయటికేం వెళ్తుంది? జబ్బు ఇంట్లోనే ఉంది," అంది పెద్దమ్మ.

పిల్ల బల్ల కిందికి దూరింది. రౌటర్ నుంచి వచ్చిన నెట్‌ను గదులకు పంచే చిన్న పెట్టె అక్కడుంది. దాని దీపాల తీరు ఆమెకు బాగా తెలుసు. ఎవరైనా పనిచేస్తేనే గబగబా మినుకుమంటాయి, లేకపోతే తీరిగ్గా ఉంటాయి. ఇప్పుడు ఎవరి పనీ సాగకపోయినా అన్నీ కలిసి పిచ్చెక్కినట్టు కొట్టుకుంటున్నాయి. ఒక్కో వైరునూ వేలితో పట్టుకుని వెళ్ళింది. ఒకటి పెట్టెలోంచి బయల్దేరి, బల్ల వెనక చుట్టు తిరిగి, మళ్ళీ అదే పెట్టెలోకి వచ్చింది. అన్నయ్య పాత కంప్యూటర్ ఒకటి అమ్మేశాక ఉత్తినే వేలాడుతుండే వైరు. నిన్నటిదాకా దాని కొస నేలను తాకుతూ ఉండేది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల దుమ్ము కూడా లేదు, శుభ్రంగా తుడిచి ఉంది.

ఎవరి చెయ్యో తెలిసిపోయింది. తనను చెయ్యిపట్టి తెచ్చుకున్న మనిషికే తప్పు చూపించడమా? చప్పుడు చేయకుండా పీకేసి, దానంతటదే వచ్చిందంటే సరిపోదూ? కానీ రేపు మళ్ళీ తుడుస్తుంది, మళ్ళీ పెడుతుంది. ఉద్యోగమే వస్తే, సరిగ్గా పని మధ్యలో పెడుతుంది.

"పెద్దమ్మా," అంది బల్ల కిందనుంచే. "ఈ వైరుకి రెండు కొసలూ ఇక్కడే ఉన్నాయి. ఈ పెట్టె తను చెప్పింది మళ్ళీ తనే వింటోంది. ఆ గోలలో ఇంకెవరి మాటా వినపడట్లేదు."

ఒక కొస పీకింది. దీపాలు నెమ్మదించాయి. కాసేపటికి పక్క గదిలో ప్రింటర్ గుర్రుమని కాగితం కక్కింది.

పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. "అది పొద్దున నేను పెట్టిందే కదే! వేలాడుతోంది, పక్కనే ఖాళీ రంధ్రం ఉంది కదా అని..."

"అమ్మా! వాళ్ళను అన్ని తిట్లు తిట్టించావు కదే నా చేత!"

"నేను తిట్టమన్నానా? మళ్ళీ ఫోన్ చేసి క్షమించమను, పో." ఆవిడ పిల్ల వైపు తిరిగింది. "చూడగానే చెప్పావా?"

"కొంచెం ఆగాను."

"ఎందుకే?"

పిల్ల తల దించుకుంది. పెద్దమ్మకు అర్థమైంది. ఆమె జుట్టుకు అంటిన బూజు దులుపుతూ, "నా దగ్గర ఆగకు. లైన్లో ఆగితే అవతలివాళ్ళు పెట్టేస్తారు," అంది నవ్వుతూ. తర్వాత ఆ వైరును పూర్తిగా పీకించి, చుట్టచుట్టి బీరువాలో పెట్టింది. అప్పటికిగాని ఆవిడ ప్రాణం కుదుటపడలేదు.

అంతలోనే కాల్ వచ్చింది.

"హలో, వినిపిస్తోందా అండీ?" అంది స్పీకర్లోంచి ఒక ఆడగొంతు. పిల్ల వెనక్కి తిరిగి పెద్దమ్మ వైపు చూసింది.

"చెప్పండి, లైన్లో ఉన్నాం!" వెనకనుంచి ఖంగుమంది పెద్దమ్మ, పాత అలవాటున.

అవతలావిడ పకపకా నవ్వింది. పిల్లకూ నవ్వొచ్చింది, ఆ నవ్వు వెంటే గొంతూ వచ్చింది.

ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ బల్ల కింద తుడిచేది పెద్దమ్మే. తుడిచాక ఒక కేక వేస్తుంది: "ఏమే, ఒకసారి దీపాలు చూసి పో!"

ఆమె వచ్చి, వంగి చూస్తుంది. "బాగానే ఉన్నాయి పెద్దమ్మా," అని పైకే చెబుతుంది. తన బట్టలు సర్దించి తెచ్చిన ఆ సంచి గురించి, వార్తలు రాయించిన ఆ రేడియో గురించి కూడా ఏదో చెప్పాలని ఉంటుంది.

"కాఫీ పెట్టనా పెద్దమ్మా?" అంటుంది.