తాడు దిగేదాకా మేడ దిగని శామ్యూల్ గారు

గత గురువారం ఉదయం పదిన్నరకు నోయిడాలో ఇరవై రెండంతస్తుల భవనం మేడ మీద ఉండగా నా ఫోన్ మోగింది. మా గురువుగారు శామ్యూల్ గారి కూతురు గ్రేస్. "భయ్యా, పాపా నహీ రహే" అంది. తెల్లవారుజామున గుండె ఆగిపోయిందట. ముందురోజు సాయంత్రమే నా రిపోర్టులో నాలుగు తప్పులు పట్టుకున్న మనిషి! నమ్మశక్యం కాలేదు. పార్థివదేహాన్ని స్వస్థలం నరసాపురం తీసుకువెళ్తున్నారనీ, పన్నెండింటికి మయూర్ విహార్‌లోని ఇంటి నుంచి వ్యాన్ కదులుతుందనీ చెప్పింది.

లిఫ్టు వైపు నాలుగడుగులు వేసి ఆగిపోయాను. పిట్టగోడ అవతల దినేశ్, అతని జోడీ అద్దాలు తుడుస్తూ తాళ్ల మీద ఉన్నారు. ఆ తాళ్లను పట్టి ఉంచిన కొక్కేలకు పూచీ సంతకం నాది. "మేడ మీదున్న, గ్రేస్. ఇద్దరు తాళ్ల మీదున్నరు" అని మాత్రం అనగలిగాను.

శామ్యూల్ గారి వృత్తి యాంకర్ల పరీక్ష. ఎత్తైన గోడల మీద పనిచేసేవాడు కాలు జారినా నేల మీద పడకుండా ఆపే ఉక్కు కొక్కేన్నే మేం యాంకర్ అంటాం. "యాంకర్లను పరీక్షిస్తున్న" అని నేనంటే, వరంగల్‌లో మా మేనత్త నాకు టీవీలో ఉద్యోగం వచ్చిందని వాడంతా చాటింది. మునిర్కా అద్దెగదిలో కూర్చుని మూడుసార్లు సివిల్స్ రాసి, చివరికి చేతిలో సివిల్ ఇంజనీరింగ్ ఒక్కటే మిగిలిన నన్ను చేరదీసిన ఉదారుడాయన. ఆయన సతీమణి మేరీ ఆంటీ ఆసుపత్రిలో ఎముకల వార్డు నర్సు. "మీ ఆంటీకి పని తగ్గించడమే నా ఉద్యోగం" అనేవారు.

నేను చేరిన కొత్తలో గురుగ్రామ్‌లో ఒక మేడ మీద పది యాంకర్లుండగా తొమ్మిదింటిని యంత్రంతో లాగి చూసి, పదింటికీ సంతకం పెట్టేశాను. సార్ వచ్చి కాగితం చూశారు.

"ఏమోయ్ లింగం, పదోదాన్ని లాగావా?"

"తొమ్మిదీ గట్టిగనే ఉన్నయ్ సార్. ఇది గూడ అసుంటిదే."

"గట్టిగా ఉందా, గట్టిగా కనబడుతోందా?"

జవాబు కోసం ఆగకుండా యంత్రం బిగించారు. ముల్లు సగం కూడా ఎక్కలేదు. ప్లాస్టరు పగిలి కొక్కెం ఊడి చేతికొచ్చింది. మిగతావన్నీ కాంక్రీటులో దిగితే, అదొక్కటీ పూత వెనక ఇటుకల్లో దిగింది. ఎర్రటి ఇటుకపొడి నా అరచేతిలో పోసి గుప్పిట మూయించారు.

"దీనికి వేలాడబోయినవాడి పేరు తెలుసా?"

"తెల్వదు సార్."

"వెళ్లి కనుక్కో. సంతకం తరవాత."

నడుముకు పట్టీలు కట్టుకుని సిద్ధంగా నిలబడ్డ ఆ మనిషి పేరు దినేశ్. ఆ రోజు నుంచి సార్ నాకు విధించిన నియమం ఒక్కటే: సంతకం పెట్టినవాడు, తాడు మీది మనిషి నేల మీద కాలు పెట్టేదాకా మేడ దిగకూడదు. ఆ నియమాన్ని ముందు ఆయనే ఆచరించేవారు. ఎండలో గొడుగేసుకుని నిలబడేవారు. ఇంట్లో భోజనం చల్లారిపోయేది. "బాల్కనీలో బట్టలారేసే తాడుక్కూడా సర్టిఫికెట్ అడుగుతారు ఈయన. అన్నం చల్లారితే మాత్రం పట్టదు" అని ఆంటీ దెప్పేవారు. "ఆ తాడు మీద నా చొక్కా ఉందిగా మరి" అనేవారాయన గంభీరంగా. ఆయనకు ఉన్నవే రెండు మంచి చొక్కాలు, రెండూ సరోజినీ నగర్ చవక బజారువి.

మొన్న గురువారం బిల్డింగ్ మేనేజర్ నా ముఖం చూసి, "ఆప్ జాయియే సాబ్, మై దేఖ్ లూంగా" అన్నాడు. తాను చూసుకుంటానని, నన్ను వెళ్లమని దయతోనే అన్నాడు. కానీ ఆ కొక్కేలను అతను లాగి చూడలేదు, నేను చూశాను. దినేశ్‌ను తొందరపెడదామా అనిపించింది. తాడు మీదివాణ్ని తొందరపెట్టకూడదన్నదీ సార్ మాటే. పదకొండైంది. పదకొండున్నరైంది. సార్ కడసారి చూపు నాకు దక్కదని తేలిపోయింది. అయినా కాళ్లు కదలలేదు. నా జీవితంలో ఇంత నిబ్బరంగా నేనెప్పుడూ నిలబడలేదు. ఆ నిబ్బరమూ ఆయన బిగించిందే.

పన్నెండుకు పది నిమిషాలుండగా ఇద్దరూ నేలకు దిగారు. నేనూ కిందికి వెళ్లి సంగతి చెబితే దినేశ్ హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. "బడే సాబ్?" అని మాత్రం అడిగాడు.

ఈ మహానగరం చుట్టూ ఎన్నో మేడల మీద, కొక్కేల పక్కన, ఆయన సంతకం ఉన్న రేకు బిళ్లలు ఇంకా మెరుస్తున్నాయి. ఏడాది తిరిగి మళ్లీ పరీక్ష జరిగేసరికి వాటి మీద మరొకరి సంతకం పడుతుంది, బహుశా నాదే. సంతకం మారుతుంది కానీ, ఆ చెయ్యి మళ్లీ రాదు.

నేను మయూర్ విహార్ చేరేసరికి పన్నెండున్నర దాటింది. వ్యాన్ గేటు దగ్గరే ఉంది! డ్రైవరు విసుగ్గా గడియారం చూసుకుంటున్నాడు. "మమ్మీ నే రోక్ రఖా హై" అంది గ్రేస్. ఆంటీయే ఆపించారట. ఆలస్యమెందుకైందని ఆంటీ అడగలేదు.

"దిగారా?" అన్నారు.

"ఇద్దరూ దిగిన్రు ఆంటీ."

సార్ పాదాలకు నమస్కరించాను. ఆంటీ దుప్పటి సర్ది, డ్రైవరు వైపు తిరిగారు.

"అబ్ చలో భయ్యా" అని, నాతో మెల్లగా అన్నారు: "పైన మనిషుండగా ఈయన ఏ రోజూ బయల్దేరలేదు నాయనా."