మ్యాన్‌హోల్ మూత మీద టైలరు

పేటలో ఆమెను అందరూ సీసాలక్క అంటారు. ఇరవై ఏళ్లు ఆసుపత్రిలో నేలలు తుడిచింది. ఆరేళ్లుగా మురుగునీటి పరీక్షల పని. వారానికోసారి మ్యాన్‌హోల్ మూత ఎత్తి, తాడు కట్టిన డబ్బాతో నీళ్లు తోడి, సీసాలో నింపి ల్యాబుకు చేరుస్తుంది. ఏ వీధిలో ఏ జబ్బు తలెత్తుతోందో మనుషులకంటే ముందు ఆ నీళ్లే చెబుతాయట.

ఆ గురువారం మార్కెట్ వెనక వీధికి వెళ్లేసరికి మూత మీద కుర్చీ వేసుకుని టైలరు కూర్చున్నాడు. ఆ లైనులో పచ్చకామెర్ల క్రిమి కనబడిందని కిందటి వారం నోటీసు అంటించారు. అప్పట్నుంచి అతని కొట్టు మొహం చూసినవాడు లేడు.

"ఇవాళ తీయనివ్వను," అన్నాడు. "మా ఇళ్లల్లో ఎవరికేముందో మీకెందుకు?"

"మూడొందల ఇళ్ల నీళ్లు కలిసొస్తాయన్నా. ఎవరివో ఎవరికీ తెలీదు."

"ఇవాళ వీధి పేరు రాశారు. రేపు ఇంటి నంబరు రాయరని నువ్వు పూచీ పడతావా?"

సీసాలక్క కూడా ఇదివరకే ల్యాబు డాక్టరమ్మను అదే అడిగింది. "ఇల్లు తెలీదుగానీ, ఒక్కో మూతా చూసుకుంటూ దగ్గరిదాకా వెళ్లొచ్చు," అందావిడ. వీధి చివరి ఇంట్లో సీసాలక్క కూతురు అద్దెకుంటోంది. ఏడో నెల. నిన్నట్నుంచి కళ్లు పచ్చగా ఉన్నాయి. "ఎవరికీ చెప్పకమ్మా, ఖాళీ చేయిస్తారు," అని పిల్ల బతిమాలితే తల ఊపి వచ్చేసింది. కడుపుతో ఉన్నవాళ్లకు కామెర్లొస్తే ఏమవుతుందో ఆసుపత్రిలో కళ్లారా చూసిన మనిషి. రాత్రంతా రెప్ప వాల్చలేదు.

"అన్నా, మా అమ్మాయికి వచ్చింది," అంది చివరికి. "నేనూ నీలాగే భయపడి దాచాను. ఇదెక్కణ్నుంచి వస్తోందో తెలియాలి. లే."

టైలరు ఆమె ముఖంలోకి చూశాడు. కుర్చీ పక్కకు లాగాడుగానీ మూతకు చేయి వేయలేదు. అతని భార్య వచ్చి మూత రెండో కొస పట్టింది.

సీసా ల్యాబులో అప్పగించి, సీసాలక్క తిన్నగా కూతుర్ని ఆసుపత్రిలో చేర్చింది. పదకొండు రోజులు మంచం పక్కనే కూర్చుని, పూటపూటకీ పిల్ల కనురెప్పలు ఎత్తి చూసుకుంది. ఈలోగా ల్యాబువాళ్లు మూత తర్వాత మూత పరీక్షించుకుంటూ వెళ్లి, వీధి చివర మురుగు కాలువలో పగిలిన మంచినీళ్ల గొట్టాన్ని పట్టుకున్నారు.

పిల్ల గండం గట్టెక్కింది. నెలలు నిండాక ఆడపిల్లను కంది. ఇల్లు మాత్రం ఖాళీ చేయించారు. ఇప్పుడు అందరూ సీసాలక్క ఒంటిగదిలోనే సర్దుకుంటున్నారు.

టైలరు మళ్లీ అడ్డు రాలేదు. ఆమె మూత ఎత్తినప్పుడల్లా గుమ్మంలోకొచ్చి, "ఈసారి ఏం రాశారు?" అని అడుగుతాడు.

"నాకు చెప్పరన్నా," అంటుంది. అది నిజమే. అతను నమ్మడనీ ఆమెకు తెలుసు.