రెప్పలేని కన్ను

గోపన్‌పల్లిలో ఆఫీసు బస్సు కోసం నిలబడ్డాను. పక్క ఖాళీ జాగాలో గడ్డి కోసే ఒకావిడ మిషను ఆన్ చేయకుండా, ముందు కర్రతో గడ్డిని తట్టుకుంటూ వస్తోంది. సన్నటి బల్లి ఒకటి ఉరికొచ్చి నా బూటు ముందు ఆగింది. తోకే ఒంటికి రెండింతలుంది.

“జర కదలకుండ్రి సారూ. ఇవి మిషన్ల పడి తెగుతయని లేపుతున్న. దీనికి రెప్పలే లెవ్వు. పండుకున్నా కండ్లు తెరిచే ఉంటయి,” అంది.

వంగి చూశాను. ఆవగింజంత కన్ను ఆర్పకుండా నన్నే చూస్తోంది. ఇన్నేళ్లూ ఇక్కడే నిలబడ్డాను. నేను దాన్ని చూడలేదు గానీ, అది నన్ను రోజూ చూసిందేమో!

బస్సు వచ్చింది, హారన్ కొట్టింది, వెళ్లిపోయింది. నేను కదల్లేదు. బల్లి రాళ్లలో దూరాకే ఆవిడ మిషను మోగింది.

ఇప్పుడు గడ్డిలో కాలు పెట్టే ముందు నేనూ రెండుసార్లు తడతాను.