అత్త కోయించమన్న గడప

మా మేనత్త పోయిందని పక్కింటి సాయిబు ఫోన్ చేసినప్పుడు నేను కుప్పంలో ఉన్నాను. మదనపల్లెలోని పాత మిద్దెలో, తన మంచం మీదే, తెల్లవారేసరికి పోయింది. ఆ ఇల్లు మీలో కొందరికి తెలుసు. దాని గురించి నేను రాసిన వ్యాసాలు చదివి చూడడానికి వచ్చారు, అత్త ఇచ్చిన కాఫీ తాగి మిద్దెను మెచ్చుకుని వెళ్ళారు. ఆమె గురించి రాయడం నాకిదే మొదటిసారి.

పందొమ్మిదో శతాబ్దపు ఇల్లది, ఆమె మెట్టినిల్లు. గానుగ సున్నంతో లేపిన మందపాటి గోడలు, టేకు దూలాలు, నడుమ ఎండా వానా నేరుగా పడే తొట్టి, అదే మండువా, దాని చుట్టూ చెక్క స్తంభాలు. ఎండాకాలం మధ్యాహ్నాలు అత్త ఆ గోడకు చెంప ఆనించి కూర్చునేది. తలకు నూనె రాసుకున్నాక చేతికి మిగిలింది పక్కనున్న స్తంభానికి పులిమేది. ఆ నునుపు పూర్వకాలపు వడ్రంగుల పనితనమని నేనొక వ్యాసంలో రాశాను. చదివి వినిపిస్తే పడీ పడీ నవ్వింది. "అది నా తలనూనెప్పా. రాసేముందు నన్నడగల్ల గదా" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

మామ పోయాక ఆయన దాయాదులు ఇల్లు పడగొట్టి కాంప్లెక్స్ కట్టాలన్నారు. అడ్డం పడింది ఆమే. నేను ఆఫీసుల చుట్టూ తిరిగి, రక్షిత కట్టడమని బోర్డు వేయించాను. ఇక అనుమతి లేకుండా అందులో ఏదీ మార్చకూడదు. "నేనూ పాతదాన్నే గదా, దాంట్లో నా పేరు గూడా రాపిచ్చు" అని ఆటపట్టించింది.

తర్వాత మోకాళ్ళు పట్టేశాయి. ఆమె గదికీ తొట్టికీ మధ్య పిక్కలెత్తు గడప, దాని మీద తీగలూ చిలకలూ చెక్కి ఉంటాయి. బాత్‌రూం తొట్టికి అవతల. "దీన్ని రోంత కోయించప్పా, కాలు ఎత్తేదానికి కావడంల్యా" అని అడిగింది. పర్మిషన్ అడిగి తెస్తానన్నాను. అడగలేదు. వాళ్ళు ఇవ్వరని కాదు, ఇస్తారేమోనని. ఇస్తే ఆ చిలకలు పోతాయి.

సెలవులకు పుంగనూరు నుంచి వచ్చిన పిల్లలం ఎవరమైనా గడప మీద కూర్చుంటే, లక్ష్మి ఉండే చోటని వీపు మీద ఒకటేసేది. అలాంటి మనిషి చివరికి ఆ గడప మీదే కూలబడి, ఒక్కో కాలూ చేత్తో ఎత్తి అవతల పెట్టుకునేది. కూర్చునే ముందు దాన్ని తాకి కళ్ళకద్దుకునేది. ఒకరోజు నేను ఫోటో తీస్తుంటే సరిగ్గా మధ్యలో ఉండిపోయింది. కొంచెం జరగమన్నాను, చిలకలు కనపడడం లేదని. చెయ్యి అందివ్వాలని తోచలేదు నాకు. పాపం, రెండు చేతులూ ఆనించి జరిగింది.

అత్తను సాగనంపి వచ్చాక సాయిబు నన్ను పక్కకు పిలిచాడు. "ఆ గడప దాటల్లని భయపడి నీళ్ళు తాగేదే తగ్గించిందప్పా. నీకు సెప్పొద్దనింది. వానికి ఈ ఇల్లంటే పానం, యాల బాధపెట్టేది అనింది."

తప్పు చేశానని ఇప్పుడు మీతో చెబుతున్నాను, ఆమెతో చెప్పాల్సింది.

దినాలు అయిపోయాక ఆమె చీరలు మడతపెట్టడానికి కూర్చున్నాను. ఎంత కష్టమైనా ప్రతి శుక్రవారం గడపకు పసుపు రాయడం మాత్రం మానలేదట. ఏ చీర విప్పినా, కూర్చునే చోట, ఉతికినా వదలని పసుపు.