ఊట దగ్గర అనకూడని మాట

హుకుంపేట పైన జీపు ఆగిపోయే చోటు నుంచి ఇంకో గంట కొండెక్కితే ఓ చిన్న ఊరు. ఆ ఊళ్ళో కనక ఉంటుంది. అరవైకి దగ్గర పడింది గానీ కాఫీ పళ్ళు కోయడంలో ఇప్పటికీ పడుచుపిల్లలు ఆమె వెనకాలే. నోరంటారా, అబ్బో, పచ్చిమిరపకాయ! అంత నోట్లోంచీ ఒక్క మాట మాత్రం ఎన్నడూ వచ్చేది కాదు. 'మన' అనే మాట.

మా ఇల్లు, మా కోడి, మా తోట. మొగుడు ఎదురుగా కూర్చున్నా సరే, "మా గుంటడికి జొరం" అనేది. ఆ గుంటడికి తండ్రి తనేనా కాదా అని ఆయన బతికున్నన్నాళ్ళూ నవ్వుతూనే ఉన్నాడు, పాపం.

దీనికో కథ ఉంది. లోకం కొత్తగా ఉన్నప్పుడు మూడు జాతులుండేవట: రాతోళ్ళు, ఊటోళ్ళు, మట్టోళ్ళు. తొలి అవ్వ అందర్నీ పిలిచి తలా ఒక మాట పంచింది. రాతోళ్ళు 'నా' తీసుకున్నారు. అందుకే బండ చచ్చినా పక్కకి జరగదు. ఊటోళ్ళు 'మన' తీసుకున్నారు. మట్టోళ్ళంటే మనమే (ఇక్కడ ఊట లేదులెండి, అనొచ్చు), తీరుబడిగా వెళ్ళి, మిగిలిన 'మా' తెచ్చుకున్నారు. అందులో సగం ప్రేమ, సగం కంచె. అది చాలక చేతివాటం చూపించి ఊటోళ్ళ మాట కూడా ఎత్తుకొచ్చారు. ఊటోళ్ళు పోట్లాడలేదు. దొంగతనం, అబద్ధం వాళ్ళ జాతికి తెలియవు. ఒక్క కట్టుబాటు మాత్రం పెట్టారు. ఊట వినేలా దేన్ని 'మన' అంటే దాన్లో వాళ్ళకీ భాగం.

కథే కదా అని కనక కొట్టిపారేసేది కాదు. ఇంట్లో అలవాటైతే ఊట దగ్గరా నోరు జారుతుందని భయం. చిన్నప్పుడు కళ్ళారా చూసింది. పక్కింటి సోంబరు తన ఎద్దుని ఊటకి తోలుకెళ్ళి, "మన ఎద్దు సూడు, ఎంత తాగుతాదో" అన్నాడు. ఆనాటి నుంచీ ఆ ఎద్దు సగం చాలు దున్ని ఆగిపోయేది. ఊట వైపు తిరిగి నిలబడేది. మిట్టమధ్యాహ్నం ఎండలో దాని కొమ్ముల నుంచి నీళ్ళు కారేవి.

అలాంటి ఇంటికి సాయిదుర్గ కోడలై వచ్చింది. కనక కొడుకు ఫల్గుణ పాడేరుకి జీపు తోలుతాడు. అక్కడి బట్టల కొట్లో పనిచేసే ఈ పల్లపు పిల్లని ఇష్టపడి చేసుకున్నాడు. పల్లపోళ్ళ మర్యాద తెలిసిందేగా, అన్నిటికీ 'మన'.

"అత్తా, మన కోడి గుడ్డెట్టింది!"

"మా కోడి అనాల. ఆ మాట ఇంకోపాలి అన్నావంటే నోట్లో బూడిద కొడతాను."

ఎందుకో మాత్రం చెప్పదు. కొత్త కోడలికి ఏడాది తిరక్కుండా ఊటోళ్ళ కథ చెప్పకూడదని ఆచారం. చెబితే ఊట ఆ పిల్ల పేరు నేర్చుకుంటుందట. సాయిదుర్గ అలా తిట్టు తినేది, ముఖం చిన్నబుచ్చుకునేది. రానురాను మాటలు తగ్గించేసింది. పిల్ల దారికొచ్చిందని కనక సంబరపడింది, వెర్రి మనిషి!

మంచు దిగే రోజుల్లో కనక ఒకటి గమనించింది. నీళ్ళకెళ్ళిన కోడలు ఆలస్యంగా వస్తోంది. బిందె భుజాన తొణక్కుండా ఉంటోంది, జడ మాత్రం కొస దాకా తడి. పొయ్యి పక్కన కూర్చున్నా ఆరదు. ఆమె కూర్చున్న చోట నేల చెమ్మగిల్లుతుంది. కనకకి ఆ ఎద్దు కొమ్ములు గుర్తొచ్చాయి.

మర్నాడు పొద్దున్నే వెనకాల వెళ్ళింది. పొగమంచులో ఎదురుగా ఉన్న చెట్టే కనబడటం లేదు. ఆ ఊట నీళ్ళు ఏ కాలంలోనూ పాదాలు దాటవు. సాయిదుర్గ అందులో మోకాళ్ళ లోతున నిలబడి ఉంది. బండ కింద నుంచి చాలా గొంతులు ఒక్క ఊపిరితో అంటున్నాయి.

"మన గుంటే. మన పిల్లే."

"ఏటి సేత్తన్నావే!" కనక అరిచింది. "బేగి బయటికి రా! మా ఇంటికి పోదాం, రాయే!"

సాయిదుర్గ వెనక్కి తిరగలేదు. "మీ ఇంటికి నేనెందుకత్తా? మా ఇల్లు, మా పొయ్యి, మా కొడుకు అంటావు. అందులో నేనెక్కడున్నాను? ఒకనాడు ఇక్కడ కూకుని ఏడిసి, 'నేను మనదాన్ని కానా' అన్నాను. మనదానివే అన్నారు ఈళ్ళు. ఒక్కపాలైనా నువ్వన్నావా?"

నీళ్ళు నడుము దాకా వచ్చాయి.

కనక ఊటకి భాగం పోకూడదని ఇన్నేళ్ళూ కంచె కట్టుకుంది. కట్టి కట్టి కోడల్నే కంచె బయట నిలబెట్టింది. సిగ్గు ముంచుకొచ్చింది. ఇప్పుడా మాట అంటే ఏమవుతుందో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా పిల్ల ముఖ్యం.

"మన ఇంటికి రాయే అమ్మా," అంది ఏడుస్తూ. "మన ఇల్లు. మన పొయ్యి. మన గుంటడు నీకోసం సూత్తంటాడు."

గొంతులు ఆగిపోయాయి. ఇల్లే పంచుకున్నాక పిల్లని లాక్కోవలసిన పని వాళ్ళకి లేదు. సాయిదుర్గ తిరిగింది. నీళ్ళు పాదాలకి దిగాయి. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని కిందికి నడిచారు. వెనకాల తడికాళ్ళ చప్పుడు వినబడుతూనే ఉంది, కనక తిరిగి చూడలేదు.

ఇంటికొచ్చి గిన్నెల్లో చోడి అంబలి పోసింది. తనకొకటి, కోడలికొకటి, కొడుకుకొకటి. నాలుగోది గుమ్మం దగ్గర పెట్టింది.

"అదెవరికత్తా?"

"మన అనేశాను కదే," అంది కనక.

ఆ ఇంట్లో ఇప్పుడు పొయ్యికి ఇవతల నేల పొడి, అవతల ఎప్పుడూ తడే. అటు వైపు ఎవరూ చాప వెయ్యరు. కనకకి భయం లేదా అంటే ఉంది. అయినా నోరారా 'మన కోడలు' అని పిలుస్తుంది. కొత్తవాళ్ళెవరైనా గుమ్మంలో నిలబడి ఇదెవరిల్లని అడిగితే, అత్తా కోడళ్ళు నోరు తెరిచేలోపే తడి వైపు నుంచి జవాబొస్తుంది.

"మనదే. లోపలికి రండి."