రాకెట్ డబ్బాకు పెద్దమ్మ కాపలా

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. ఆ శనివారం అక్కడ కూడా ఆగలేదు.

ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో నేనూ ఇద్దరు క్లాస్‌మేట్లూ కలిసి, భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం ఒకటి తయారుచేశాం. టిఫిన్ డబ్బా కంటే కాస్త పెద్దది, అంతే. అయినా ఒక పరిశోధన రాకెట్‌లో దానికి చోటిచ్చారు! షరతు ఒకటే. శనివారం సాయంత్రానికి రీడింగులు సరిగ్గా వచ్చాయని మా ప్రాజెక్టు సార్‌కు చెప్పాలి. లేదంటే మా డబ్బాకు బదులు అంతే బరువున్న ఉత్త దిమ్మను ఎక్కిస్తారు. ఏడాది కష్టమంతా వృథా.

దగ్గర్లో ఇనుముంటే రీడింగులు తప్పుతాయి, కాలేజీ నిండా ఇనుమే. అందుకని టేకులపల్లి దగ్గర, అడవి అంచున ఉన్న మా పెద్దమ్మ ఇంటికి డబ్బాను మోసుకెళ్లాం. ఖాళీ చేలో చెక్కబల్ల వేశాం. బెల్టులు, గడియారాలు, ఫోన్లు ఇంట్లోనే వదిలాం. నా జడపిన్నులు కూడా తీయించారు వెధవలు. జుట్టంతా మొహం మీదే.

డబ్బాను ఏ దిక్కుకు తిప్పినా మొత్తం లెక్క ఒకటే రావాలి. మాకేమో తూర్పుకొకటి, పడమరకొకటి! అంటే డబ్బాతోపాటే ఇనుమేదో తిరుగుతోందన్నమాట. స్క్రూలన్నీ విప్పి చూశాం, అన్నీ ఇత్తడివే. సెన్సార్ చచ్చిందన్నాడు ఒకడు. నువ్వే పాడుచేశావంటూ నేను వాడిమీద అగ్గిమీద గుగ్గిలమయ్యాను.

అప్పుడే పెద్దమ్మ మజ్జిగ తెచ్చింది. "ఏందే బిడ్డా, గట్ల మొత్తుకుంటున్నవ్?"

"దీంట్ల యాడనో ఇనుముంది పెద్దమ్మా. దొరుకుతలేదు!"

"అవ్, ఉంది గదా. నేనే పెట్టిన."

ముగ్గురం నోళ్లు తెరిచాం.

"పొద్దుగాల మీరు తానాలకు పోయినప్పుడు డబ్బ కింద అతికిచ్చిన స్పాంజిల మేకు గుచ్చిన. గంత పైకి ఒక్కతే పోయేదాన్ని ఇనుము లేకుండ పంపుతరా? గాలి, దయ్యం సోకకుండ పసిపిల్ల పక్కన పెట్టమా ఏంది?"

స్పాంజి చీల్చితే వేలి గోరంత మేకు. ఓరి దేవుడా! చేలో పడి దొర్లి దొర్లి నవ్వాం. తీసేసి తిప్పితే నాలుగు దిక్కులా ఒకటే లెక్క. ఇంట్లోంచి ఫోన్ తెచ్చుకుని, సిగ్నల్ దొరికే గడ్డివామెక్కి సార్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. తిడతారనుకున్నాను.

"అంత చిన్న మేకును పట్టేసిందా? ఇంకేం కావాలి, ఎక్కించేద్దాం" అన్నారు సార్.

వాము మీంచి దూకేశాను. పెద్దమ్మను ఎత్తి గిరగిరా తిప్పాం. "ఇడువుర్రి, నడుమిరుగుతది!" అని తిడుతూనే నవ్వింది.

నెలన్నరకు రాకెట్ ఎగిరింది. పైన ఉన్న ఆ కొద్ది నిమిషాల్లోనే రీడింగులన్నీ రేడియోలో చక్కగా కిందికి అందాయి. ఎగిరి గంతులేశాం. డబ్బా మాత్రం రాకెట్‌తోపాటు సముద్రంలో పడిపోయింది. ఈ రాకెట్లు అంతే, పైకెళ్లి పడిపోతాయి. అది మాకు ముందే తెలుసు.

పెద్దమ్మకు ఫోన్ చేశాను.

"మన డబ్బా మంచిగున్నదా బిడ్డా? మేకు తీసేసిన్రని నాకు ఒకటే రంది, నిద్రే పడ్తలేదు."

నేను సముద్రం మాట ఎత్తలేదు.

"మంచిగుంది పెద్దమ్మా. పైననే ఉంది" అన్నాను.